పదకొండు వందల నలభై దరఖాస్తులు

జూనియర్ అసిస్టెంటుగా పదోన్నతి ఇస్తున్నట్టు ఉత్తర్వు వచ్చేనాటికి సామేలుకు యాభై మూడేళ్లు. అంతకు ముందు ఇరవై ఆరేళ్లు అదే భవనంలో అటెండరు. తార్నాక చౌరస్తా నుంచి నడిచి పోగలిగేంత దూరంలో ఉన్న విశ్వవిద్యాలయం అది. పరీక్షల భవనంలో కింది అంతస్తులో డిగ్రీ పట్టాల సెక్షన్ ఉండేది, పై అంతస్తులో మా పరిశోధన సెక్షన్. నేను అక్కడ పద్దెనిమిదేళ్లు పనిచేశాను. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేదాంట్లో సగం నా కళ్లతో చూసిందే. మిగతాది కొంత సామేలు చెప్పాడు, కొంత రజిని చెప్పింది.

సామేలుది జనగామ దగ్గర పల్లె. పదో తరగతితో చదువు ఆగిపోయింది. పెళ్లయిన కొత్తలో హైదరాబాదు వచ్చి, క్యాంపస్‌లో మొక్కలకు నీళ్లు పెట్టే రోజుకూలీగా చేరి, తర్వాత అటెండరయ్యాడు. నలభై దాటాక ఓపెన్ స్కూల్లో ఇంటర్ చదివాడు, దూరవిద్యలో డిగ్రీ చేశాడు. డిపార్టుమెంటు పరీక్ష మూడోసారికి పాసయ్యాడు. పరీక్ష పుస్తకాలు ఫైళ్ల ట్రాలీలో పెట్టుకుని, ఏ గది బయట కూర్చోమంటే ఆ గది బయట చదువుకునేవాడు. ఆయన భార్య సువార్త లాలాపేటలో ఇంటి ముందుగదిలో జాకెట్లు కుడుతుంది.

కొత్త సీట్లో కూర్చున్న మొదటి రోజు ఉదయం సామేలు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. కుర్చీలో ఇంకా సరిగా సర్దుకోలేదు, పక్క టేబుల్ నుంచి సీనియర్ అసిస్టెంటు సుందరరావు తలెత్తకుండానే, "సామేలూ, నాలుగు చాయ్‌లు చెప్పి రా" అన్నాడు. సామేలు లేచి వెళ్లాడు. కప్పులు అందించి వచ్చి కూర్చున్నాక గానీ ఆ పని ఇక తనది కాదని ఆయనకు గుర్తు రాలేదు. సుందరరావుకూ గుర్తు రాలేదు. అందులో దురుద్దేశం లేదు, ఇరవై ఆరేళ్ల అలవాటు అంతే.

అదే గదిలో కంప్యూటర్ ముందు కూర్చునే రజిని ఔట్‌సోర్సింగ్ మీద చేరిన అమ్మాయి. రామంతాపూర్ నుంచి వచ్చేది. ఆ మధ్యాహ్నం ఆమె "సార్, ఈ హాల్‌టికెట్ నంబర్ ఏందో జర చెప్పరా?" అని అడిగితే సామేలు వెనక్కి తిరిగి చూశాడు, ఏ సారొచ్చాడా అని. "మిమ్మల్నే సార్" అని రజిని నవ్వింది.

సీటయితే వచ్చింది. దాంతోపాటు కుప్ప కూడా వచ్చింది. ఆ సీటు ఏడాదిన్నరగా ఖాళీ. ఒరిజినల్ డిగ్రీ పట్టాల కోసం పిల్లలు పెట్టుకున్న దరఖాస్తులు బీరువా నిండి, బీరువా మీద పేర్చి, కిటికీ అరుగు మీదికి, అక్కణ్నుంచి నేల మీదికి దిగాయి. రిజిస్టరు ప్రకారం పెండింగ్ పదకొండు వందల నలభై.

సామేలు పనికి భయపడే మనిషి కాదు. తొమ్మిదింటికే వచ్చేవాడు, అన్నం డబ్బా తెరవడం మర్చిపోయేవాడు. కానీ ఆయన పనిచేసిన తీరు ఏమిటంటే, కౌంటరు దగ్గరికి ఎవరొస్తే వాళ్ల కాగితం వెతకడం. ఒకరి కాగితం కోసం నలభై కట్టలు విప్పి దొరికించుకునేసరికి ఇంకొకరు వచ్చేవాళ్లు. చేతిలో ఉన్నది పక్కన పెట్టి వాళ్లది వెతికేవాడు. మధ్యలో ఏదో అనుమానం వస్తే సూపరింటెండెంటు ఉమాపతి గారి గదికి పరుగు. రోజుకు పదిహేనుసార్లు ఆ గది తలుపు తీసేవాడు. గట్టిగా అరిచినవాళ్ల పని ఆ రోజు అయ్యేది. ఎవరితోనైనా ఫోన్ చేయించుకున్నవాళ్ల పని మర్నాటికి అయ్యేది. ఏమీ అనకుండా నిలబడి వెళ్లిపోయినవాళ్ల కాగితాలు మాత్రం కుప్ప అడుక్కి పోయేవి. సాయంత్రానికి నడుము పట్టేసేది. కుప్ప మాత్రం పొద్దున ఉన్నంతే ఉండేది.

"మీరు గింత కష్టపడుతున్నరు గదా సార్, మరి ఎందుకు తరుగుతలేదు?" అని రజిని ఒకసారి అడిగింది.

"నాకు చాతకాదేమో బిడ్డా" అన్నాడు సామేలు. మాటవరసకు అన్న మాట కాదు. అటెండరుగా ఉంటే బాగుండేదని ఆ నెలల్లో చాలాసార్లు అనుకున్నాడట.

అలాంటి రోజుల్లో ప్రవళిక వచ్చింది. మహబూబాబాద్ వైపు అమ్మాయి. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసింది. ఒక మందుల కంపెనీ ప్రయోగశాలలో ఉద్యోగం ఇస్తామన్నారు, ఒరిజినల్ పట్టా చూపించమన్నారు. మొదటిసారి వచ్చినప్పుడు సామేలు వెతికాడు, దొరకలేదు, వచ్చే వారం రమ్మన్నాడు. రెండోసారీ అదే చెప్పాడు. మూడోసారి వచ్చిన రోజు కౌంటరు ముందు నలభై మంది ఉన్నారు, ఇద్దరు పెద్దగా కేకలు వేస్తున్నారు. ఆమె చేతిలో పెన్ను పట్టుకుని గంటసేపు ఓ పక్కన నిలబడి, "సార్, ఇంక పది రోజులే టైముంది" అని మాత్రం చెప్పి వెళ్లింది. నాలుగోసారి వచ్చినప్పుడు దరఖాస్తుకు జతచేసిన మార్కుల మెమో ఉంటే తిరిగి ఇమ్మంది.

"పట్టా రాకముందే మెమో తీస్కపోతే ఎట్లమ్మా?" అన్నాడు సామేలు.

"ఇగ పట్టాకు తొందరేం లేదు సార్. ఆ ఉద్యోగం వేరేటోళ్లకు ఇచ్చిండ్రు."

ఆమె కోపంగా అనలేదు. అరిచి ఉంటే నాకు నిద్ర పట్టేదమ్మా అని చాలా రోజుల తర్వాత సామేలు నాతో అన్నాడు.

మర్నాడు ఆయన కౌంటరు వదిలేసి, సుందరరావు గొణుగుతున్నా వినిపించుకోకుండా, ఆమె దరఖాస్తు ఒక్కటే వెతికాడు. మధ్యాహ్నానికి దొరికింది. దాని గుండుసూదికి ఇంకొకరి రసీదు చిక్కుకుని, రసీదుల కట్టలో పడి ఉంది. అన్ని కాగితాలూ ఉన్నాయి. లేనిది ఒక్కటే: వెనక పేజీలో దరఖాస్తుదారు సంతకం. నాలుగు నెలలు. అంతకాలమూ ఆ కాగితం ఒక్క సంతకం కోసం ఆగింది. సంతకం చేయాల్సిన మనిషి మూడుసార్లు పెన్ను పట్టుకుని అదే కౌంటరు ముందు నిలబడి వెళ్లింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి సామేలు చాయ్ తాగకుండా మంచం మీద కూర్చున్నాడు. సువార్త మిషను మీద ఉంది. ముందు ఆకుపచ్చ జాకెట్లు నాలుగు, పక్కన ఎర్రవి మూడు, ఇంకా పక్కన కత్తిరించి పెట్టినవి ఓ దొంతర. ఏమైందని ఆమె అడిగితే జరిగింది చెప్పాడు. ఆమె కుట్టడం ఆపకుండా విన్నది.

"కౌంటర్ కాడికి ఎవలొస్తే వాళ్లదే చేస్తవా?" అని అడిగింది.

"మరి ఎట్ల చెయ్యాలె?"

"నా కాడికి గూడ ఆడోళ్లు ఒస్తరు, నాది ఎప్పుడిస్తవు, నాది ఎప్పుడిస్తవని. ఒచ్చినామెదల్లా మిషిను మీద పెడితే ఒక్కటి గూడ అయితదా? పొద్దుగాల అన్ని కత్తిరిస్త. ఒక రంగు దారం ఎక్కించినంక ఆ రంగు జాకెట్లన్ని అయిపోయేదాంక దారం మార్చ. హుక్కులన్ని ఒక్కసారే, ఆఖరుకు. ఒక్కో జాకెట్‌కు దారం మార్సుకుంట కూసుంటే దినమంత దారం ఎక్కిచ్చుడే అయితది."

సామేలు అప్పటిదాకా ఆమె మిషన్ని ముప్పై ఏళ్లుగా చూస్తున్నాడు, పని మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఆ సాయంత్రం గంటసేపు చూశాడట. ఏ జాకెట్టు ఎవరిదో ఆమెకు అక్కర్లేదు. ఏ జాకెట్టుకు తర్వాత ఏం కావాలో అదే కావాలి. మెడ అయినవి ఒక చోట, చేతులు అతకాల్సినవి ఒక చోట.

రెండు రోజుల తర్వాత సామేలు ఉమాపతి గారి గదిలోకి వెళ్లి, రెండో శనివారం సెలవు రోజున ఆఫీసు తెరవడానికి అనుమతి అడిగాడు.

ఉమాపతి గారిది గుడివాడ వైపు కుటుంబం. తార్నాకలో స్థిరపడి పాతికేళ్లయింది. మంచి మనిషి, కానీ ఎప్పుడూ తల నొక్కుకుంటూ ఉండేవారు. "సెలవు రోజున ఏం చేస్తారయ్యా? ఆరు రోజులు చేసినా తరగని కుప్ప ఒక్క పూటలో తరుగుతుందా?"

"తరగది సార్. ఆ రోజు పని చెయ్యను. కుప్పల ఏమున్నదో సూస్త, అంతే."

"చూడ్డానికేముంది? పదకొండు వందల నలభై దరఖాస్తులున్నాయి."

"గవి పదకొండు వందల నలభై రకాలు కావు గదా సార్."

ఉమాపతి గారికి ఆ మాట పూర్తిగా అర్థం కాలేదు, కానీ తాళాలు తీసుకుని శనివారం ఆయనే వచ్చారు. ఇంట్లో ఉంటే కామాక్షి కరెంటు బిల్లు దగ్గర్నుంచి కందిపప్పు దాకా ఏదో ఒకటి తెమ్మంటుంది, ఇక్కడే నయం అన్నారు. కామాక్షి అంటే ఆయన భార్య. రజిని కూడా వచ్చింది. రమ్మని ఎవరూ అడగలేదు.

కట్టలన్నీ వరండాలోకి మోశారు. నేల మీద సుద్దముక్కతో నాలుగు గళ్లు గీశాడు సామేలు. ఒక్కో దరఖాస్తు తీసి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు: దీనికి ఇప్పుడు ఏం తక్కువైంది? అన్నీ ఉంటే మొదటి గడి. సంతకమో ఫొటోనో మెమో జిరాక్సో ఏదో ఒక చిన్న కాగితం లేకపోతే రెండో గడి. ఇంకో సెక్షన్ నుంచి జవాబు రావాల్సి ఉంటే మూడో గడి. పేర్లు చూడలేదు, తేదీలు చూడలేదు, ఎవరి సిఫార్సో చూడలేదు. చేతిలోకి తీసుకున్న కాగితాన్ని ఏదో ఒక గడిలో వేయకుండా పక్కన పెట్టకూడదని నియమం. ఉమాపతి గారు మొదట కుర్చీలో కూర్చుని చూశారు, పది నిమిషాలకు చొక్కా చేతులు పైకి మడిచి నేల మీద కూర్చున్నారు. రజిని ఒక్కో నంబరూ కంప్యూటర్లోకి ఎక్కించింది. మధ్యలో హబ్సిగూడ నుంచి ఇడ్లీ పొట్లాలు తెప్పించారు ఉమాపతి గారు.

మూడున్నరకు లెక్క తేలింది. అన్ని కాగితాలూ సరిగా ఉండి కేవలం ముద్రణకు పంపితే చాలు అన్నవి మూడు వందల ఎనభై ఆరు. ఒక చిన్న కాగితం తక్కువైనవి అయిదు వందల పన్నెండు. వేరే సెక్షన్ జవాబు కావాల్సినవి నూట యాభై తొమ్మిది. నాలుగో గడి దేనికో మొదట్లో ఎవరికీ తెలీదు, సామేలు ఊరికే గీశాడు. అందులో ఎనభై మూడు చేరాయి. అవన్నీ ఇదివరకే పట్టా తీసుకెళ్లిపోయినవాళ్లవి. రెండుసార్లు పెట్టిన దరఖాస్తులు. చేయాల్సిన పనే లేదు.

ఉమాపతి గారు ఆ నాలుగు కుప్పలకేసి చాలాసేపు చూశారు. "మూడు వందల ఎనభై ఆరు మంది ఏ కారణం లేకుండా ఆగారా మన దగ్గర?" అన్నారు. అప్పుడు సార్ మొహం చూడలేకపోయాను అంది రజిని.

సోమవారం నుంచి పద్ధతి మారింది. మారిందని ఇంత తేలిగ్గా రాసేశాను గానీ, ఆ రెండు నెలలూ గదిలో యుద్ధమే జరిగింది.

కౌంటరు పదకొండింటికి తెరుస్తామని కాగితం అంటించారు. తొమ్మిదిన్నర నుంచి పదకొండు వరకు ఒకే రకం పని: మొదటి గడిలోవి వరుసగా ముద్రణకు పంపడం. పొద్దున తల తేలిగ్గా ఉన్నప్పుడు తప్పు పోకూడని పని, మధ్యాహ్నం తిన్నాక స్టాంపులు వేయడం, కట్టలు కట్టడం లాంటివి. పదకొండింటి వరకు తలుపు మూసి ఉందని బయట పిల్లలు గొడవ చేశారు. ఒకరిద్దరు విద్యార్థి సంఘం నాయకులు వచ్చి కేకలు వేశారు. సామేలు బయటికి వెళ్లి, "బాబూ, మీ కాగితాలే చేస్తున్న. నన్ను బయట నిలబెట్టి మాట్లాడితే లోపల చేసెటోడు లేడు" అని చెప్పి వచ్చాడు. వాళ్లు నమ్మలేదు. కానీ పది రోజుల్లో నూట ఇరవై పట్టాలు చేతికొచ్చేసరికి గొడవ దానంతటదే తగ్గింది.

రెండో గడిలో ఉన్న అయిదు వందల పన్నెండు మందికీ ఉత్తరాలు రాద్దామన్నాడు సుందరరావు. ఉత్తరం తయారు చేసి, సంతకమై, తపాలాలో పడి, వాళ్లు చదివి వచ్చేసరికి నెల పడుతుందని సామేలు లెక్కగట్టాడు. దరఖాస్తు మీద ఫోన్ నంబరు ఉంది కదా. రోజుకు పాతిక మందికి, పన్నెండు నుంచి ఒంటిగంట వరకు, రజిని ఫోన్ చేసేది. "మీ దరఖాస్తుల ఫొటో లేదు, ఒక్క ఫొటో తీసుకుని రండి" అని మాత్రమే. కొందరు ఏదో మోసం అనుకుని పెట్టేశారు. ఒక ముసలాయన, మా అబ్బాయి పట్టా సంగతి ఆఫీసువాళ్లే ఫోన్ చేశారా అని, నిజమేనా అని, రెండుసార్లు తిరిగి చేశాడు.

కొత్తగా దరఖాస్తు ఇచ్చేవాళ్ల కాగితాలు కౌంటరు దగ్గరే, వాళ్లు ఎదురుగా ఉండగానే చూసేయడం మొదలుపెట్టాడు సామేలు. ఒక్కోదానికి రెండు నిమిషాలు ఎక్కువ పట్టేది. వరుస ఆలస్యమవుతోందని సుందరరావు అంటే, "గీడ రెండు నిమిషాలు పోతే పోనీ సార్. గాడ నాలుగు నెలలు మిగులుతయి" అన్నాడు. దరఖాస్తు తీసుకున్నాక తేదీ చెప్పేవాడు. వచ్చే వారం అని కాదు, ఇరవై రెండు, మంగళవారం అని. పదిహేను రోజుల్లో అయ్యేదానికి ఇరవై రోజులు చెప్పేవాడు. అయితే చెప్పిన తేదీ మాత్రం దాటనిచ్చేవాడు కాదు.

ఉమాపతి గారి తలుపు రోజుకు పదిహేనుసార్లు తీయడం మానేశాడు. అనుమానాలన్నీ ఒక కాగితం మీద రాసుకుని మూడింటికి ఒక్కసారి వెళ్లేవాడు. ఒక్కో అనుమానం పక్కన తనకు తోచిన జవాబు కూడా రాసుకునేవాడు. ఉమాపతి గారు చాలావాటికి "అలాగే కానీయ్" అని టిక్కు పెట్టేవారు. ఓ నెల గడిచాక, సగం అనుమానాలకు తాను అనుకున్న జవాబే వస్తోందని గమనించి సామేలు అవి అడగడం మానేశాడు. ఉమాపతి గారు తల నొక్కుకోవడం కూడా తగ్గిందని మేం పై అంతస్తులో చెప్పుకునేవాళ్లం.

చాయ్ సంగతి మాత్రం అంత తేలిగ్గా తేలలేదు. ఒక ఉదయం పదింటికి సుందరరావు మళ్లీ, "సామేలూ, చాయ్ చెప్పి రా" అన్నాడు. సామేలు చేతిలో ముద్రణకు పోవాల్సిన జాబితా ఉంది. ఆయన లేవలేదు. గదిలో అందరికీ తెలిసింది, లేవలేదని.

"సార్, ఇది సగంల ఇడిచి పోతే మల్ల మొదటికెల్లి సూడాలె. పావుతక్కువ పదకొండు గొట్టినంక అందరం కలిసే పోదాం. ఇయ్యాల నేనే తాగిపిస్త."

సుందరరావు మొహం మాడిపోయింది. "పెద్దోడివైపోయినవ్ లే" అన్నాడు. తర్వాత పన్నెండు రోజులు సామేలుతో మాట్లాడలేదు. ఆ పన్నెండు రోజులూ సామేలు పావుతక్కువ పదకొండుకు ఆయన టేబుల్ దగ్గరికి వెళ్లి, "పోదమా సార్?" అని అడిగాడు. పదమూడో రోజు సుందరరావు లేచాడు.

అన్నీ సరిగ్గానే చేశాడని కాదు. పని ఊపు మీద ఉందని బుధవారం కౌంటరు పూర్తిగా మూసేద్దామని సామేలే ప్రతిపాదించాడు. రెండో బుధవారం ఆదిలాబాద్ నుంచి రాత్రి బస్సెక్కి వచ్చిన ఒకాయన మూసిన కిటికీ ముందు మధ్యాహ్నం వరకు కూర్చుని వెళ్లిపోయాడు. మర్నాడు కాపలా మనిషి చెబితే తెలిసింది. బుధవారం సెలవని కిటికీకి అంటించిన కాగితాన్ని సామేలు వెంటనే చింపేశాడు. కంప్యూటరు కూడా ఆయనకు చాలా రోజులు లొంగలేదు. నేను చేసిపెడతాగా సార్ అని రజిని అంటే ఒప్పుకునేవాడు కాదు. నువ్వు రాని రోజు నేనేం చెయ్యాలె అనేవాడు. రోజూ భోజనం తర్వాత ఇరవై నిమిషాలు, రెండు వేళ్లతో, తన ఊరి పేరూ చుట్టాల పేర్లూ కొడుతూ నేర్చుకున్నాడు.

సంతకం తర్వాత తీసుకునేలా ఉమాపతి గారిని అడిగి, ప్రవళిక పట్టా మొదటి వారంలోనే తయారు చేయించాడు సామేలు. ఆమెకు ఫోన్ మాత్రం రజిని చేత చేయించలేదు, తానే చేశాడు. నంబరు నొక్కడానికి రెండు రోజులు పట్టిందట.

"అమ్మా, నేను సామేలును, పట్టాల సెక్షన్ కెల్లి. మీ పట్టా అయింది. సంతకం ఒక్కటి లేక ఆగింది. గది నేను మొదటిరోజే సూడాలె. సూడలే. తప్పు నాదే."

అప్పటికి ఆమె ఊళ్లో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతోంది.

"ఇప్పుడు చెప్తే ఏమొస్తది సార్" అంది ఆమె. తర్వాత, "పోస్టుల పంపుతరా? లీవు ఇయ్యరు నాకు" అంది.

పట్టాలు పోస్టులో పంపే ఏర్పాటు అప్పటికి లేదు. సంతకం కోసం దరఖాస్తు ఆమెకు పంపి, తిరిగి తెప్పించుకుని, ఆమె అడిగిన మెమోతో కలిపి పట్టాను రిజిస్టర్డ్ పోస్టులో పంపడానికి ఉమాపతి గారి దగ్గర ప్రత్యేకంగా అనుమతి తీసుకున్నాడు సామేలు. ఆ ఒక్క అనుమతి చూపించి, దూరం నుంచి రాలేని అందరికీ పోస్టులో పంపేలా రెండు నెలల్లో ఉత్తర్వు తెప్పించారు ఉమాపతి గారు. ప్రవళిక మళ్లీ ఫోన్ చేయలేదు. అందినట్టు పోస్టాఫీసు రసీదు మాత్రం వచ్చింది. ఆమె క్షమించిందో లేదో సామేలుకు తెలీదు. అడిగే హక్కు లేదనేవాడు.

మూడో గడిలోవాటికి రావాల్సిన జవాబులు సామేలే ఒక్కో సెక్షన్‌కు జాబితా పట్టుకుని వెళ్లి తెచ్చాడు. మార్చి చివరికి కుప్ప అయిపోయింది. కిటికీ అరుగు మీద వెలుతురు పడటం చూసి, ఈ గదికి ఇటువైపు కూడా కిటికీ ఉందా అన్నాడు సుందరరావు.

ఏప్రిల్‌లో కొత్తగా చేరిన గుమాస్తాలకు శిక్షణ పెట్టి, అందులో పదిహేను నిమిషాలు సామేలును మాట్లాడమన్నారు. నేనూ వెళ్లాను. మైకు ముందు నిలబడి ఆయన రాసుకొచ్చిన కాగితం తెరిచాడు. అంతలోనే దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, ముందు వరుసలో కూర్చున్న రజిని వైపు చూస్తూ మాట్లాడాడు.

"నేను ఇరవై ఆరేండ్లు ఫైళ్లు మోసిన. ఏ టేబుల్ మీద ఫైల్ ఎన్ని దినాలు పంటదో నాకు తెలుసు. పెద్ద పని ఉండి ఆగినయి తక్కువ. తరువాత ఏం చెయ్యాలెనో ఎవరు రాయక ఆగినయే ఎక్కువ. ఫైల్ చేతులకెల్లి దించేముందు, దీనికి ఇంక ఏం కావాలె, ఎవరి కాడికి పోవాలె, ఒక్క ముక్క అట్ట మీద రాయుండ్రి. మీరు రేపు రాకున్నా ఇంకొకలు చేస్తరు. ఇంకోటి. అరిచినోళ్లది ముందుగాల చేస్తే అరవనోళ్లది ఎప్పటికి కాదు. కౌంటర్ కాడ సప్పుడు చెయ్యకుంట నిలబడ్డోళ్లను సూడుండ్రి. గంతే. నాకు ఇంక మాట్లాడొస్తలేదు."

ఆరు నిమిషాలు కూడా పట్టలేదు. చప్పట్లు బాగానే కొట్టారు. బయటికొచ్చాక వరండాలో సుందరరావు ఆయన్ని పక్కకు పిలిచాడు. సుందరరావు చూసే పాత మార్కుల సవరణల ఫైళ్లు రెండు బీరువాలున్నాయని అందరికీ తెలుసు, వాటి గురించి ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు.

"ఈ రెండో శనివారం ఖాళీయేనా సామేలూ?" అన్నాడు సుందరరావు, ఎటో చూస్తూ.

"ఖాళీయే సార్. సుద్దముక్క నేను తెస్త."

నవంబరులో సామేలుకు కడుపులో నొప్పి వచ్చి, పిత్తాశయంలో రాళ్లున్నాయని ఆపరేషన్ చేశారు. మూడు వారాలు కదలొద్దన్నారు. మంచంలో పడుకుని ఆయన ఒకటే బెంగ. కొత్త పట్టాల కాలం, రోజుకు అరవై దరఖాస్తులొస్తాయి, మళ్లీ కుప్ప పెరుగుతుంది. రజినికి ఫోన్ చేస్తే ఆమె, "అంతా మంచిగున్నది సార్, మీరు పండుకోండి" అని పెట్టేసేది. అంటే బాగాలేదనే అర్థం అనుకున్నాడు. చూడ్డానికి వెళ్లినప్పుడు నన్నూ అడిగాడు. నేను చెప్పినా నమ్మలేదు.

ఇరవై మూడో రోజు కడుపు మీద చేయి పెట్టుకుని, మెల్లగా నడుచుకుంటూ ఆఫీసుకొచ్చాడు. ఆయన టేబుల్ మీద పదకొండు దరఖాస్తులున్నాయి. పదకొండే. కొత్తగా ఒక ర్యాకు వచ్చింది, అరలకు రంగు కాగితాలు అంటించి ఉన్నాయి. అట్టల మీద ఆయన రాయించే ముక్కల బదులు రజిని చిన్న ముద్ర చేయించింది. అందులో మూడు గళ్లు, ఒక దాంట్లో టిక్కు పెడితే చాలు. కౌంటరు దగ్గర దరఖాస్తు ఫారాలతోపాటు దారానికి కట్టిన పెన్ను వేలాడుతోంది. పక్కనే "వెనక పేజీలో సంతకం చేశారా?" అని పెద్ద అక్షరాలు.

సామేలు కాసేపు కుర్చీలో ఊరికే కూర్చున్నాడు. తాను లేకపోయినా ఆగలేదు. సంతోషం వెంటనే రాలేదని, ముందు ఇంకేదో వచ్చిందని నాతో ఒప్పుకున్నాడు. ఇరవై ఆరేళ్లు ఎవరూ కుర్చీ ఇవ్వని మనిషికి, ఆ కుర్చీ తను లేకుండానే నడుస్తుందంటే కొంచెం గుచ్చుకుంటుంది కదా. తర్వాత కుర్చీ రజిని పక్కకు జరుపుకున్నాడు.

"గీ ముద్ర సంగతేందో జెప్పు బిడ్డా. గీ మూడో గడి ఎందుకు?"

రజిని చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. ఒక చోట, ఇది నాకు ఎందుకు తోచలేదు అన్నాడు. ఇంకో చోట, ఇది తప్పు, కింది నుంచి రెండో అర ముందు చూడాలి అన్నాడు. రజిని రాసుకుంది.

జనవరిలో ఒక రోజు సామేలు ఉమాపతి గారి ముందు సెలవు చీటీ పెట్టాడు. ఉమాపతి గారు చదివి, కళ్లజోడు పైకి తోసుకున్నారు.

"కారణం రాయలేదేం? ఒంట్లో బాలేదా మళ్లీ?"

"మంచిగనే ఉన్న సార్. మా ఆమెను నుమాయిష్ ఎగ్జిబిషన్‌కు తీస్కపోత. పెండ్లయిన కొత్తల ఒక్కసారి పోయినం, గంతే. సూస్తే సాయంత్రం దాంక తిరగాలె, తొందరపడకుంట."

ఉమాపతి గారు సంతకం చేశారు. చీటీ తిరిగిస్తూ, అక్కడ కశ్మీరీ స్టాళ్లలో మొదట చెప్పిన ధరకు ఏదీ కొనొద్దని, సగానికి అడగమని చెప్పారు. సామేలు సరేనన్నాడు. మర్నాడు పట్టాల సెక్షన్‌లో ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. కౌంటరు పదకొండింటికే తెరుచుకుంది.